చిన్న తెరచాప వద్దన్నందుకు

ఇంటికి రాగానే ఫోన్‌లో రాస్తున్నాను, అక్షరాలు తప్పితే మన్నించండి.

ఈ రోజు సెలవు కదా అని, హైదరాబాద్‌లో మేముండే సుచిత్ర నుంచి మా అమ్మాయిని తీసుకుని శామీర్‌పేట చెరువుకు విండ్‌సర్ఫింగ్‌కి వెళ్లాను. అద్దె బోర్డుతో పాటు రెండు తెరచాపలు ఇచ్చారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కట్ట కింద ఆకు కూడా కదలడం లేదు. ఇంత తక్కువ గాలికి పెద్దదే కావాలని బిగిస్తున్నాను. పక్కన వల సర్దుకుంటున్న మల్లయ్య అనే పెద్దాయన నన్ను చూసి కట్టెక్కాడు. భుజం మీది తువ్వాల పైకెత్తి పట్టుకున్నాడు. అది పటపటా కొట్టుకుంది.

"సార్, గీడ కట్ట అడ్డమున్నది, గాలి తెల్వదు. నడుమకు వోతే గుంజుకపోతది. చిన్నదే కట్టుకోండ్రి."

"మాది కాకినాడ, పెద్దాయనా. నేను సముద్రంలో నేర్చుకున్నా," అన్నాను నవ్వుతూ. పెద్దదానితోనే నీళ్లలోకి దిగాను.

నడిమధ్యకు చేరగానే వెనక నుంచి గాలి ఒక్క తోపు తోసింది. నీళ్లలో పడ్డాను. తెరచాపను ఎంత లాగినా పైకి లేవదు, బోర్డేమో ఇంకా దూరం కొట్టుకుపోతోంది. లైఫ్ జాకెట్ ఉన్నా గుండె ఆగిపోతుందేమో అనిపించింది. రెండు చేతులూ ఊపాను. కట్ట మీద మా అమ్మాయి వేలెడంత కనిపించింది.

మల్లయ్యే థర్మాకోల్ తెప్ప మీద తెడ్డు వేసుకుంటూ వచ్చి నన్ను ఒడ్డుకు చేర్చాడు. అప్పటికే జనం మూగారు.

"ఏ ఊరు సార్ మీది?" అని ఎవరో అడిగారు.

"సుచిత్ర," అన్నాను.

మల్లయ్య తల తుడుచుకోమని అదే తువ్వాల ఇచ్చాడు.

మీరైతే కాకినాడ అనేవాళ్లా?