అద్దకం పాఠం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొనబోతే, దుకాణంలో అమ్మాయి పోచంపల్లి చీర పరిచి "రంగు పోదు మేడం" అంది. నాకు ఒకామె గుర్తొచ్చి, ఏమీ కొనకుండానే ఎల్బీనగర్‌లోని ఇంటికి వచ్చేశాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఆ దగ్గర్లోనే ఒక ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మాది గుంటూరు వైపు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, నన్ను మించినవాళ్లు లేరన్న ధీమా. బందుల మధ్య దొరికిన రోజుల్లో సిలబస్ వెంట పరుగెత్తేవాళ్లం. అప్పుడే పోచంపల్లి నుంచి మా కెమిస్ట్రీకే ఒక కుర్ర లెక్చరరు చేరింది. నన్ను అక్కా అనేది, నా డబ్బాలో గోంగూర పచ్చడి సగం తనే ఖాళీ చేసేది. అంతవరకూ బాగానే ఉంది.

ఒకరోజు నా క్లాసులో ఒక పిల్ల లేచి, "మేడం, వేడి చేస్తే రియాక్షన్ జల్దీ అయితదంటిరి. మరి అమ్మోనియా తక్కువెందుకు ఒస్తది?" అంది. "అది వేరే చాప్టరు, ఇది వేరే చాప్టరు" అని కూర్చోబెట్టాను. మర్నాడు అదే పిల్ల అదే ప్రశ్న ఆమెనడిగింది. నేను వరండాలో కాగితాలు దిద్దుతున్నట్టు నటిస్తూ విన్నాను.

"మా నాయిన నూలుకు రంగులేస్తడు. నీళ్లు వేడిగుంటే రంగు జల్దీ పడ్తది. మరీ మసలబెడితే పట్టిన రంగే మళ్ల నీళ్లల్లకు దిగుతది. ఎంత జల్దీ అయితది అన్నదొకటి, ఆఖరికి ఎంత మిగుల్తది అన్నదొకటి. వేడి రెండిటినీ మారుస్తది. అమ్మోనియా కూడ అంతే."

క్లాసంతా చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ దగ్గరకెళ్లి, "సిలబస్ వదిలేసి అద్దకం కథలు చెబుతోందండి" అన్నాను. ఆయన ఆమెను సీనియర్ సెక్షన్ నుంచి తీసేశారు. స్టాఫ్‌రూములో అప్పుడు మాట మాటకీ ప్రాంతం చూసేవారు. నా ఫిర్యాదునూ అలాగే లెక్కగట్టారు. నాది ఉత్త అసూయ అని చెప్పుకోవడం కంటే అదే గౌరవంగా తోచి ఊరుకున్నాను.

ఆమె పుస్తకం పట్టుకుని నా దగ్గరకే వచ్చింది. "అక్కా, నేను యాడ తప్పు చెప్పిన్నో జర చూపియ్యుండ్రి." తప్పేమీ లేదని నాకు తెలుసు. "ప్రిన్సిపాల్ గారినే అడుగమ్మా" అన్నాను, తలెత్తకుండా.

తర్వాత వరసగా బందులు. కాలేజీ తెరిచేసరికి ఆమె తుర్కయంజాల్ వైపు ఇంకో కాలేజీలో చేరిపోయింది. నేను మాత్రం ఏటా ఆ పాఠం నూలు, రంగు, మసిలే నీళ్లతోనే చెప్పాను. పిల్లలు ఏటా చప్పట్లు కొట్టారు. ఇది ఫలానా అమ్మాయి చెప్పిందని అనడానికి అరనిమిషం చాలు. రిటైరయ్యేదాకా అన్నేళ్లలో ఆ అరనిమిషం నాకు దొరకలేదంటే ఎవరు నమ్ముతారు!