తొడలో రాడ్, చేతికి బలం సూది

కేసముద్రం మార్కెట్‌కు మక్కలు తీసుకెళ్తుంటే ట్రాక్టర్ తిరగబడి నా తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. ఏడాది దాటాక కుట్ల పక్కన చిన్న రంధ్రం పడి చీము కారడం మొదలైంది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి గానీ నా తొడలో ఊట మాత్రం ఆగలేదు.

జనగామలో ఎముకల డాక్టర్ రాడ్ తీసేయాలన్నాడు. తీసేటప్పుడు లోపలి ముక్క పరీక్షకు పంపి, ఏ క్రిమో తేల్చి, దానికి తగ్గ మందు ఇస్తాడట. అది తేలకపోతే కాలు దక్కడం కష్టం. అందుకని ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు చీము మందులేవీ వాడొద్దని, వాడితే క్రిమి పరీక్షకు చిక్కదని రెండుసార్లు చెప్పాడు. వెంట వచ్చిన మా బాపు రెండుసార్లూ తలూపాడు.

పదో రోజు జ్వరం కాల్చేసింది. బాపు ఊరి ఆర్‌ఎంపీని వెంటబెట్టుకొచ్చాడు.

"సార్ వద్దన్నది చీము మందులు. గిది బలం సూది," అన్నాడు బాపు.

మర్నాటికి చీము తగ్గింది.

"బలం సూదికి చీమెట్ల తగ్గుతది బాపూ?"

"బలమొస్తె తగ్గదా?"

దీనికి వైద్యశాస్త్రంలో జవాబు లేదు. మరో రెండు రోజులు పొడిపించుకున్నాను.

ఆపరేషన్ రోజు డాక్టర్ అడిగాడు, మందులేమైనా వాడారా అని. "ఏం వాడలే సార్," అన్నాడు బాపు. అన్నిటికీ నోరు పెట్టే నేను సరిగ్గా అక్కడే మూసుకున్నాను.

రాడ్ తీసి, ఆ చోట చీము మందు కలిపిన ఎముకల సిమెంటు పెట్టారు. మా ఇంటి వెనక గోడకు దక్కని సిమెంటు నా తొడకు దక్కింది.

వారానికి రిపోర్ట్ వచ్చింది. పరీక్షకు పంపిన ముక్కలో ఏ క్రిమీ పెరగలేదట. బాపు వెంటనే అక్కకు ఫోన్ చేశాడు. "పురుగే లేదంట బిడ్డా. అంత సాఫ్." పక్క మంచం ఆయనకు రెండు అరటిపండ్లు కూడా ఇచ్చాడు. నా తొడ ఆ రిపోర్ట్ చదవలేదు. కట్టు మళ్లీ తడిసింది.

డాక్టర్ కట్టు విప్పి, గాయం చుట్టూ నొక్కి చూశాడు. "ఏ మందియ్యాల్నో నాకు తెలుస్తలేదు. మళ్ల తెరవాలె. ఈసారి గూడ దొరకకపోతె కాలు తీసుడు గురించి మాట్లాడుకోవాలె. నిజం చెప్పుండ్రి, ఏం వాడిండ్రు?"

బాపు కండువా కొసను నలుపుతున్నాడు. "సూది నేనే ఏపిచ్చిన సార్. పోరగానికేం తెల్వది."

నాకు తెలుసు. మొదటి రోజే సీసా మీద పేరు చదివాను, అది చీము మందే. జ్వరానికి ఓర్చుకోలేక చెయ్యి చాపాను.

"నాకు తెలుసు సార్," అన్నాను. మందు పేరు చెప్పాను.

డాక్టర్ రాసుకున్నాడు. బాపు నా ముఖం వైపు చూడలేదు. దుప్పటి పక్కకు జరిపి, నా కాలి వేళ్లు ఒక్కొక్కటిగా పట్టుకుని చూడసాగాడు.