పడుకుంటే తగ్గే నొప్పి

రెండో కాన్పయిన నాలుగో రోజు, మందమర్రిలో మా అవ్వ నన్ను పీట మీద కూర్చోబెట్టి వేణ్ణీళ్లు పోస్తోంది. ఉన్నట్టుండి మెడ వెనక నుంచి తల మొత్తాన్ని ఎవరో కిందికి గుంజినట్టయింది. కళ్లు బైర్లు కమ్మాయి. తీసుకెళ్లి మంచం మీద వేశారు. వెల్లకిలా పడుకోగానే నొప్పి మాయం. సరిగ్గా అప్పుడే నాకు భయం వేసింది. ఏ తలనొప్పి ఇలా పోతుంది?

"శీతలం చేసింది బిడ్డా," అంటూ అవ్వ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించింది. నీళ్లడిగితే సగం గ్లాసే. "బాలెంత గన్ని నీళ్లు తాగుతదా? పొట్ట వస్తది."

కరీంనగర్‌లో కాన్పు చేసిన ఆసుపత్రికి ఫోన్ చేశాను. "బాలెంతలకు మామూలేనమ్మా," అని నర్సు పెట్టేసింది.

మామూలే! ఆ మాట నమ్మి మూడు వారాలు పోగొట్టుకున్నాను. కూర్చుని పాలివ్వలేక పక్కకు ఒరిగి ఇచ్చాను. చివరికి వేరే డాక్టరమ్మ ఒకే ప్రశ్న అడిగింది: "పడుకుంటే తగ్గుతుందా?" పురిటి నొప్పులు తెలియకుండా నడుములో ఇచ్చిన సూది, వెన్నుపాము చుట్టూ ఉండే పొరకు చిల్లు పెట్టిందట. లోపలి నీరు కారిపోయిందట. మొదట్లోనే వచ్చి ఉంటే నా రక్తమే కొంచెం తీసి అక్కడ ఎక్కించి, చిల్లు మూసేవారట. ఆలస్యమయ్యేకొద్దీ అది సరిగా పట్టదట.

అప్పుడు గుర్తొచ్చింది. సూది ఇచ్చినాయన నా వెనక "అరెరె" అన్నాడు. దాన్ని తీసి ఇంకోచోట గుచ్చాడు. అంటే ఆయనకు తెలుసు. చెయ్యి తప్పడం ఎవరికైనా జరుగుతుంది, దానికి నేనేమీ అనను. నోరు ఎందుకు మూసుకున్నాడు? ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో తల్లీబిడ్డా క్షేమం అని ఎట్లా రాశారు?

మూడేళ్లయింది. ఇప్పటికీ గంటసేపు కూర్చుంటే అదే గుంజుడు. మా అత్తమ్మ మాత్రం, "మేం కనలేదా? నొప్పులకు ఓర్వలేక సూది పొడిపించుకుంటివి, గిప్పుడు అనుభవించు," అంటుంది. పన్ను పీకేటప్పుడు మత్తు సరిపోలేదని దవాఖానంతా ఏకం చేసిన మనిషి ఆమె.

నిన్న ఆరేళ్ల నా బిడ్డ వచ్చి అడిగింది: "అమ్మా, నీది పని ఎగ్గొట్టే నొప్పంట గద? నాయినమ్మ చెప్పింది."

ఆ మాటకు నిద్ర పట్టక రాత్రంతా కూర్చుని, పడుకుని, మళ్లీ లేచి ఇక్కడిదాకా రాశాను.

తెల్లవారగానే పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను. "నాకు నొస్తాందంటే మీరు నమ్మాలె. మీకు నొస్తాందంటే నేను నమ్ముత. మామూలే అని మాత్రం అనను."

చిన్నోడు వెంటనే పొట్ట పట్టుకున్నాడు. "నొస్తాందమ్మా. అంగన్‌వాడికి పోను."

అబద్ధమని తెలుసు. అయినా వాణ్ని దగ్గరికి తీసుకుని అడిగాను:

"పడుకుంటే తగ్గుతదా బిడ్డా?"