బోల్తా పరీక్ష

హన్నా పొద్దున లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా డాబా ఎక్కి ఎదురింటి దండెం వైపు చూస్తుంది. రాత్రి ఆరేసి మరిచిపోయిన లుంగీయో, పిల్లల యూనిఫామో ఎప్పుడూ ఒకటి ఉంటుంది అక్కడ. అది బ్యారేజీ వైపు ఎగురుతుంటే పడమటి గాలి అన్నమాట. ఆ రోజు బోట్లు దిగువకు జారిపోతాయి, వెనక్కి తెచ్చేసరికి భుజాలు పడిపోతాయి. ఊరికే వేలాడుతుంటే మంచి రోజు. అది చూసుకున్నాకే కిందికి దిగి బ్రష్ వెతుక్కుంటుంది.

"ఎదురింటావిడ బట్టలకి నువ్వు దిష్టి పెడుతున్నావని వీధంతా చెప్పుకుంటున్నారు" అంటాడు భర్త జాన్సన్. అతనికి అదే వీధి చివర మోటార్ల వైండింగ్ షాపు ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే స్టూలు మీద కూర్చుని రాగి తీగ చుట్టగలడు. అది ఎలా సాధ్యమో హన్నాకి పెళ్ళయిన నాటి నుంచీ అర్థం కాలేదు.

ఆమె కాళ్ళు ఒకచోట నిలవవు. కంకిపాడులో వాళ్ళ చర్చివాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. చిన్నప్పుడు ప్రసంగం సగం కాకముందే కూర్చున్న చాప అంచు పీకేసేది. తల్లి దానమ్మ పక్కనుంచి తొడ మీద గిల్లేది. గిల్లితే ఇంకా కదిలేది. పెళ్ళయి భవానీపురం వచ్చాక బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేరింది. నిలబడి చేసే పని కదా అనుకుంది. ఒకే కౌంటర్ వెనక నిలబడాలని తెలిశాక మానేసింది. తర్వాత ఒక ఆస్పత్రిలో రిసెప్షన్. ఆ తర్వాత స్కూలు బస్సులో ఆయా. బస్సయితే కదులుతుంది గానీ, దానిలో తను కూర్చునే ఉండాలి. అదీ మానేసింది.

ఆఖరికి నది ఒడ్డున బోటు పాయింట్‌లో పని దొరికింది. బ్యారేజీ గేట్లు దించి ఉన్నన్నాళ్ళు కృష్ణ అక్కడ నదిలా ఉండదు, కొండల మధ్య ఆగిపోయిన పెద్ద చెరువులా ఉంటుంది. ఒడ్డున ఇసుక, ఇసుక నిండా జనం, వాళ్ళ మధ్య ఎర్రవీ పసుపువీ బోర్లించిన కయాక్‌లు. కయాక్ అంటే ఒకరో ఇద్దరో పట్టే సన్నటి ప్లాస్టిక్ పడవ. దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డును ఇటొకసారి అటొకసారి నీళ్ళలో వెయ్యాలి. హన్నా పని వచ్చినవాళ్ళకి లైఫ్ జాకెట్లు తొడగడం. మిగతా సమయమంతా జాకెట్ల గది ముందు కుర్చీలో కూర్చోవాలి. మళ్ళీ కుర్చీ.

ఒక సాయంత్రం ఎవరో దూరంగా ఇసుక మీద వదిలేసిన కయాక్‌ని వెనక్కి తేవడానికి మగవాళ్ళెవరూ లేకపోతే హన్నానే ఎక్కింది. వంకరటింకరగా, రెండుసార్లు వెనక్కి తిరిగిపోయి, ఎలాగో తెచ్చింది. ఒడ్డుకు వచ్చాక ఆమెకు ఒక సంగతి తోచింది. అంతసేపూ కాళ్ళు ఊగలేదు. చేతులు తిరుగుతూనే ఉన్నాయి, పడవ కదులుతూనే ఉంది, ఎవరూ కూర్చోమని అనలేదు. ఆ రోజు నుంచి పని అయ్యాక రోజూ ఒక పడవ తీసుకుని వెళ్ళేది. నెలలు గడిచేసరికి అక్కడ జనాన్ని నీళ్ళ మీదికి తీసుకెళ్ళే గైడ్‌లకంటే తిన్నగా నడపసాగింది.

గైడ్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయినప్పుడు ఇంట్లో చెప్పింది.

"ఇంకో ఎండాకాలం ఆ కుర్చీలో కూర్చోలేనండీ. ఇది రాకపోతే మానేస్తాను."

"బట్టలయ్యాయి, జబ్బులయ్యాయి, బస్సయింది, ఇప్పుడు నీళ్ళు" అన్నాడు జాన్సన్. "ఇది కూడా మానేస్తే ఇక మిగిలింది విమానమే. గన్నవరం వెళ్ళి అడగనా?"

హన్నాకి నవ్వు రాలేదు. అతను సరదాకే అన్నా, అది నిజమని ఆమెకు తెలుసు. ఇక వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

గైడ్ కావాలంటే బోల్తా పరీక్ష పాసవ్వాలి. లోతులో పడవను కావాలనే తిరగేసుకుని నీళ్ళలో పడాలి. పడవను మళ్ళీ చక్కగా తిప్పి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కాలి. తనే ఎక్కలేనివాడు పడిపోయిన వాళ్ళని ఏం ఎక్కిస్తాడు? పరీక్ష పెట్టేది ట్రైనర్ లక్ష్మీకాంత్. ఉయ్యూరు మనిషి, చిన్నవాడే గానీ నోరు తెరిస్తే మాట్లాడినట్టుండేది కాదు, రూలు చదివినట్టుండేది. అవకాశం రెండుసార్లే.

మొదటిసారి రోజున జాన్సన్ షాపు మూసి వచ్చి ఫోన్ పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. హన్నా లోతులోకి వెళ్ళింది, ఒక పక్కకి ఒరిగింది, పడింది. జాకెట్ ఆమెను వెంటనే పైకి తేల్చింది. తర్వాత ఏమీ జరగలేదు. హన్నా కళ్ళు మూసుకుని, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, వెల్లకిలా, అలాగే తేలుతూ ఉండిపోయింది. పడవ గాలికి దూరంగా జరిగిపోసాగింది.

పక్క పడవలోంచి లక్ష్మీకాంత్ అరిచాడు. "హన్నా గారూ! పడుకున్నారేంటండీ? మీ బోటు సీతానగరం పోతోంది!"

ఆమె కళ్ళు తెరిచేసరికి పడవ అందనంత దూరం వెళ్ళిపోయింది. అతనే తాడు వేసి లాక్కొచ్చాడు.

"ఊపిరాడలేదా?"

"ఆడిందండీ."

"భయమేసిందా?"

"లేదండీ. ఎందుకు ఆగిపోయానో నాకే తెలియట్లేదు."

అది నిజం. పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా నిలకడగా ఉండనిది, కదలాల్సిన ఒక్క చోట బిగుసుకుపోయింది. ఆ రాత్రి అన్నం తింటూ మూడుసార్లు లేచింది. నీళ్ళకని ఒకసారి, ఉప్పుకని ఒకసారి, ఊరికే ఒకసారి.

ఆ వారం దానమ్మ కంటి డాక్టరుకి చూపించుకోవడానికి బెజవాడ వచ్చింది. జాన్సన్ ఫోన్‌లో తీసిన వీడియో అత్తగారికి చూపించాడు. కంట్లో వేసిన మందుకి చూపు మసకగా ఉన్నా, దానమ్మ ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటత్తయ్యా?"

"ఓసి నీ దుంపతెగ! అది బాప్తిస్మం కదే!"

హన్నా వంటగదిలోంచి వచ్చింది. దానమ్మ తన రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని చూపించింది.

"కాలవలో పాస్టరు అయ్యగారు నీకు ఇట్టా పెట్టమని చెప్పాడు. వీపు కింద ఒక చెయ్యేసి ముంచాడు. అందరూ మునగ్గానే గిలగిలా కొట్టుకుని లేచారు. నువ్వు లేవలా! ఆయనే ఎత్తాడు. ఈ పిల్లకి నిలకడ లేదంటారు, చూడండి, దేవుడి చేతిలో ఎంత నిలకడగా ఉందో అని సంఘమంతటికీ చెప్పాడు. నేను ఏడ్చా కూడాను."

హన్నాకి కంకిపాడు కాలవ గుర్తొచ్చింది. నడుముదాకా నీళ్ళు, ఒంటికి అతుక్కున్న తెల్ల చీర, వీపు కింద పెద్ద అరచెయ్యి. ఆ చెయ్యి లేపుతుందని నమ్మి, జీవితంలో ఒక్కసారి తను ఊరుకుంది. ఊరుకున్నందుకు అందరూ మెచ్చుకున్నారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆమెను నిలకడగా ఉందని ఎవరూ అనలేదు.

కారణం తెలిసినంత మాత్రాన చేతులు మాట వినలేదు. మర్నాటి నుంచి లోతు తక్కువ నీళ్ళలో ఆమె పడుతూనే ఉంది. వెనక్కి పడ్డ ప్రతిసారీ చేతులు వాటంతటవే గుండెల మీదికి వచ్చేవి. చేతులకు కోపంగా ఒక్కో చరుపు చరిచి, మళ్ళీ పడవ ఎక్కేది. ఇంట్లో గోడలు తుడిచింది, తుడిచినవే తుడిచింది. నిద్రలో కూడా కాళ్ళు తన్నుతోందని జాన్సన్ మంచం చివరకు జరిగాడు.

ఈలోగా నీళ్ళ రంగు మారింది. ఎగువ నుంచి ఎర్రటి కొత్త నీరు వస్తోంది. రేపో ఎల్లుండో గేట్లు ఎత్తుతారు, ఎత్తితే వరద తగ్గేదాకా బోట్లన్నీ ఒడ్డునే. "ఇవాళే పెట్టేద్దామండీ" అన్నాడు లక్ష్మీకాంత్. హన్నా పొద్దున డాబా మీది నుంచి చూసే వచ్చింది. ఎదురింటి లుంగీ గట్టిగా కొట్టుకుంటోంది. మంచి రోజు కాదు.

దానమ్మ కూడా ఘాట్‌కి వచ్చింది. ఇసుకలో చెప్పులు చేతపట్టుకుని, నీళ్ళ అంచున నిలబడింది.

హన్నా తెడ్డు వేసుకుంటూ లోతులోకి వెళ్ళింది. ఒరిగింది. పడింది. ఎర్ర నీళ్ళు ముక్కు నిండా పోయాయి. జాకెట్ పైకి తేల్చింది. చేతులు మళ్ళీ గుండెల మీదికి వచ్చి కూర్చున్నాయి. వీపు కింద నీళ్ళు తప్ప ఏమీ లేదు. అయినా ఒళ్ళు ఎదురుచూస్తోంది.

ఒడ్డు నుంచి దానమ్మ గొంతు వినిపించింది. చర్చి గోడలు అదిరేట్టు పాడే గొంతు అది.

"అయ్యగారు రాడే! ఆయన పోయి పదేళ్ళయింది! లెగవ్వే!"

ఘాట్ మీద జనం తిరిగి చూశారు. నీళ్ళలో హన్నాకి నవ్వొచ్చింది. నవ్వితే నోట్లోకి నీళ్ళు వెళ్ళాయి, దగ్గొచ్చింది, దగ్గుతో చేతులు విడిపోయాయి. విడిపోయిన చేతులకు పని కావాలి. పడవ అప్పటికే కొంత జారింది. ఆమె కాళ్ళు చర్చిలో చాప మీద కొట్టుకున్నట్టే కొట్టుకున్నాయి, ఈసారి ఎవరూ గిల్లలేదు. అందుకుంది. అడుగుభాగం మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు పట్టుకుని లాగింది. పడవ తిరిగింది. మొదటిసారి ఎక్కబోయి జారింది. రెండోసారి పొట్ట మీద పడి, తిరిగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. తెడ్డు గాలికి ఎటో పోయింది. అరచేతులతోనే నీళ్ళు తోసుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకుంది.

లక్ష్మీకాంత్ తన పడవ పక్కకి తిప్పి ఆమెకు దారి ఇచ్చాడు.

ఒడ్డుకు వచ్చాక దానమ్మ కూతురి తల కొంగుతో తుడిచింది. "పైనుంచి అయ్యగారు వింటే ఏమనుకుంటాడో" అంది మెల్లిగా, ఎవరికీ వినపడకుండా.

మర్నాడు గేట్లు ఎత్తారు. గైడ్ అయిన హన్నా ఒడ్డున బోర్లించిన పడవల మధ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు గేట్లు దించి ఉన్న నెలల్లో హన్నా రోజూ నీళ్ళ మీద ఉంటుంది, వరద రోజుల్లో, గేట్లు మళ్ళీ దించుతారని తెలుసు గనక, జాకెట్ల గది ముందు అదే కుర్చీలో కూర్చుంటుంది.