తులసి మాల పద్యం

మా అన్న పటాన్‌చెరు పక్కన ఇనుము కరిగించే కంపెనీలో పనిచేసేవాడు. పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో ఒక మధ్యాహ్నం మిషన్ బెల్టులో చిక్కుకుని చనిపోయాడు. తాగి డ్యూటీకి వచ్చాడని కంపెనీవాళ్లు కాగితం మీద రాసుకున్నారు. ఆ మాట శవం కంటే ముందే ఊరు చేరింది.

అన్న పండరిపురం వెళ్లి తులసి మాల వేసుకుని ఆరేళ్లయింది. మా వైపు మాల వేసుకున్నవాళ్లు కల్లు, మాంసం ముట్టరు. ముట్టాలనుకుంటే మాల తీసి దేవుడి దగ్గర పెట్టేయాలి. మాల మీద తాగాడు కాబట్టే దేవుడు శిక్షించాడని ఊళ్లో అనుకున్నారు.

నేను అప్పుడు సంగారెడ్డిలో టీచర్ని. సన్మాన సభలకు పద్యాలు రాసి చదివేవాణ్ణి. గొంతు బాగుంటుందని పేరు. పదకొండో రోజు మా ఊరి బడి ముందు సంతాప సభ పెట్టారు. కంపెనీ మేనేజరు వస్తున్నాడని తెలిసి, ముందురోజు వదిన నన్ను పిలిచింది.

"తమ్మీ, నువ్వు ఏమన్న సదువు. ఆ పొద్దు ఆయన తాగలేదని మాత్రం అందరి ముంగట చెప్పు. గా సారు ఇనాలె."

చెప్తానన్నాను.

రాస్తుంటే 'తాగలేదు' అన్న మాట పద్యంలో మోటుగా అనిపించింది. తులసి ఆయన కంఠాన్ని పావనం చేసిందని, మలినం ఆ గడప తొక్కలేదని రాశాను. తెలిసినవాళ్లకు తెలుస్తుందనుకున్నాను. అలా రాస్తే మేనేజరుకు కోపం రాదన్న ధీమా కూడా ఉంది. అప్పట్లో అది నాకు నేనే ఒప్పుకోలేదు.

మైకులో గొంతెత్తి చదివాను. తులసి అన్న చోట రాగం తీశాను. సంతాప సభ అన్నది మరిచి జనం చప్పట్లు కొట్టారు. ఇంకోసారి చదవమంటే చదివాను. మేనేజరు నా చెయ్యి పట్టుకుని, తెలుగు సరిగా రాదుగానీ చాలా బాగుందని హిందీలో మెచ్చుకున్నాడు.

వదిన గోడవారగా ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లాను.

"మంచిగ సదివినవ్," అంది. "తాగలేదన్న ముచ్చట ఎప్పుడు చెప్తవ్?"

తులసి గురించి చదివింది అదేనని చెప్పబోయాను. ఆమె నా చేతిలోని కాగితం వైపు చూసింది.

తిరిగి మైకు దగ్గరికి వెళ్లాను. అప్పటికే మేనేజరు జీపు వెళ్లిపోయింది. మైకతను వైరు చుట్టుకుంటున్నాడు. ఆగమన్నాను. బ్యాటరీ తీసేశానన్నాడు. మైకు లేకుండానే చెప్పాను. జంపఖానాలు మడుస్తున్న నలుగురు తలలూపారు.

మూడేళ్ల తర్వాత సంగారెడ్డి బస్టాండులో మా ఊరి పెద్దమనిషి ఒకాయన కలిశాడు. బెంచీ మీద నా పక్కన కూర్చుని, ఆ పద్యాన్ని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. తులసి దగ్గర నేను తీసిన రాగం కూడా వదల్లేదు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"బంగారమసొంటి మనిషి," అన్నాడు. "మాల మీద తాగకపోతే బతుకుతుండె."