చేయి వేశాడు, చేయి చేసుకున్నాడు

నా బల్ల ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో రెండు నెలలుగా ఎవరూ కూర్చోలేదు. చేవెళ్లలో కోర్టుకు పోయే దారిలో, జిరాక్స్ దుకాణం రేకుల నీడన ఆ బల్ల వేసుకొని ఇరవై ఏళ్లకు పైగా దరఖాస్తులు రాస్తున్నాను. పాసుబుక్కులో పేరు తప్పు పడినా, పింఛను ఆగినా, గట్టు దగ్గర తగాదా అయినా జనం ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఇప్పుడు నన్ను చూసి రోడ్డుకు అవతలి పక్కనుంచి పోతున్నారు. దుకాణం అతను పొద్దున చాయ్ పోస్తాడు గాని మాట్లాడడు. దీనికి కారణం తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు. జరిగింది నేనే రాస్తున్నాను.

ఎనిమిదేళ్ల కిందట, ఎండాకాలంలో ఒక ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఊరు హిమాయత్‌నగర్, పట్నంలోది కాదు, మా దిక్కు పల్లె. మొయినాబాద్ దిక్కు గులాబీ షెడ్లలో పూలు కోసే పని. ముళ్లు గుచ్చుకోకుండా వేళ్లకు చుట్టుకున్న గుడ్డపీలికలు అట్లాగే ఉన్నాయి. పని నడుమ లేచి షేర్ ఆటో ఎక్కినట్టుంది. ఆమెకంటే ముందు నాకు ఫోను వచ్చింది. ఆ షెడ్ల సూపర్‌వైజరు ఒక మాజీ సర్పంచ్‌కు బామ్మర్ది. ఫోను చేసింది ఆ మాజీ సర్పంచే.

"ఒకామె నీ తాన్కి వస్తున్నది. జర నిమ్మళంగ రాయి. ఆడామె ఇజ్జత్ గూడ సూడాలె గద."

"ఏమైంది పటేలా?"

"ఏమైతది? మావోనికి జర దూకుడెక్కువ. కొట్టిండని రాయి, అయిపాయె."

ఆమె కుర్చీ అంచున కూర్చొని, నా పెన్ను వైపు చూస్తూ చెప్పింది. "షెడ్డు ఎనక పూలు కట్టలు కడ్తుంటె ఒచ్చి నా మీద చెయ్యేసిండన్నా. ఒర్లబోతె నోరు మూసిండు. కత్తెర జూపిచ్చి ఉరికొచ్చిన."

నేను ఇట్లా రాశాను: 'సదరు సూపర్‌వైజరు నాతో గొడవపడి నా మీద చేయి చేసుకున్నాడు.'

రెండింటికీ ఒక్క మాటే తేడా. చేయి వేయడమంటే ఆడమనిషి ఒంటి మీద చేసిన నేరం. చేయి చేసుకోవడమంటే నల్లా దగ్గరా, గట్టు దగ్గరా రోజూ జరిగే కొట్లాట. కోర్టు పక్కన బతికే నాకు ఇంకో తేడా కూడా తెలుసు. కొట్లాట కేసు రాజీకి వస్తుంది, మొదటిది రాదు.

చదివి వినిపించమంది. గబగబా చదివాను.

"నేను చెప్పిందే రాసినవా అన్నా?"

"గదే రాసిన. ఠాణాలోళ్లకు అర్థమయ్యేటట్టు రాసిన."

వేలి మీది పీలిక విప్పి, ఒక్కో అక్షరం విడిగా పెడుతూ సంతకం చేసింది. తర్వాత ఠాణాలోనూ కోర్టులోనూ ఆ కాగితమే ముందుకు నడిచింది. ఎవరు ఏం అడిగినా అందులో ఉన్నదే అడిగారు.

ఆ రోజు ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను, ఒక ఆడమనిషి పరువు కాపాడాననే అనుకుంటూ. "చెయ్యేసుడు, చెయ్యి జేసుకునుడు ఒక్కటేనా?" అని అడిగి, కంచం నా ముందర పెట్టి వాకిట్లోకి పోయింది. నా భార్య చనిపోయి ఇప్పటికి అయిదేళ్లు. ఆ మాట ఇంట్లో ఇంకా ఉంది, జవాబు చెబుదామంటే అడిగిన మనిషి లేదు.

కొన్ని నెలలకు ఆ కేసు లోక్‌అదాలత్‌కు వచ్చింది. వరండాలో నేను కూడా ఉన్నాను. పేర్లు పిలిచే ఆయన మంచి మనిషి. మర్యాదకే అడిగాడు.

"దెబ్బలు మానినయా అమ్మా?"

"ఏం దెబ్బలు సారూ? నన్నెవ్వలు కొట్టలే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "మానినయ్ సార్, మర్శిపోయింది. శాన దినాలాయె గద," అన్నాడు మాజీ సర్పంచ్. ఆమె తిరిగి నా వైపు చూసింది. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. రాజీ అయింది. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు.

ఆ తర్వాతి మహిళా దినోత్సవం నాడు ఫంక్షన్‌హాల్లో మాజీ సర్పంచ్ మైకు పట్టుకున్నాడు. "మన దిక్కు ఆడబిడ్డల మీద చెయ్యేసిన కేసు ఒక్కటంటె ఒక్కటి లేదు. నమ్మకుంటె కాయితాలు దీసి సూడుండ్రి!" అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మజ్జిగ ప్యాకెట్టు ఒళ్లో పెట్టుకొని నేనూ కొట్టాను. అతడు చెప్పింది అబద్ధం కాదు. కాగితాల్లో లేదు. నా బల్ల మీద అట్లా మాట మారిన దరఖాస్తు ఆమెదొక్కటే కాదు. కొందరినైతే రాయకుండానే, ఇంట్లో మాట్లాడుకోండని తిప్పి పంపాను. మా దిక్కు మంచిదని చెప్పే ఆ లెక్క నా పెన్ను దగ్గరే మొదలైంది.

మొన్న వానాకాలంలో అవే షెడ్లలో పనిచేసే ఇంకొకామె ఆ సూపర్‌వైజరు మీదే కేసు పెట్టింది. ఆమె నా దగ్గరికి రాలేదు. శంకర్‌పల్లి నుంచి వచ్చే ఒక వకీలమ్మ రాసిపెట్టింది. ఆ వకీలమ్మే ఒకనాడు జిరాక్స్ తీయించుకుంటూ ఫోనులో అంటుంటే విన్నాను. "అతని మీద ఇంతకుముందు ఇట్లాంటిదేం లేదంటున్నరు. ఒక్క పాత కొట్లాట, అది కూడ రాజీ. మంచోడు, కావాలని ఇరికిచ్చిండ్రని కోర్టుల చెప్తున్నరు."

మర్నాడు షేర్ ఆటోలో హిమాయత్‌నగర్ పోయాను. పాత దరఖాస్తు ఆమె తన ఇంటి ముందు కూర్చొని కొత్తిమీర కట్టలు కడుతోంది.

"దరఖాస్తులన్నవు గదా? ముసలోనివైనవ్."

నేను ఏం మార్చి రాశానో చెప్పాను. కొత్త కేసు సంగతి చెప్పాను. ఒక్కసారి వచ్చి ఆనాటి మాట చెప్పమని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ దినం నేను చెప్పింది నీకు ఇనొచ్చిందా, లేదా?"

"ఇనొచ్చింది."

"ఇనొచ్చినంక గూడ రాయలే."

"రాయలే."

"మరి నేను మల్ల చెప్పుడెందుకు? నేను చెప్పిన. ఇన్నది నువ్వు. నువ్వు చెప్పు."

సంచిలో కాగితాలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడే మోకాలి మీద పెట్టుకొని రాశాను. ఇన్నేళ్లలో నా పేరు మీద నేను రాసుకున్న మొదటి దరఖాస్తు అది.

"సదువు," అంది.

చదివాను. నడుమనే ఆపింది. "మెల్లగ. ఆ దినం గూడ గిట్లనే ఉరికిచ్చినవ్."

మళ్లీ మొదటినుంచి చదివాను. 'ఆమె, నా మీద చేయి వేశాడు అని చెప్పింది. నేను, చేయి చేసుకున్నాడు అని రాశాను.' అక్కడ ఆమె చేతులు ఆగాయి.

"ఆఁ. గది," అంది. ఆకాశం వైపు చూసి, "వానొచ్చేటట్టున్నది. ఇగ పో అన్నా," అంది.

కాగితం వకీలమ్మకు ఇచ్చాను. పాత కేసు దీనితో తిరిగి తెరుచుకుంటుందని చెప్పలేనంది. పాత లెక్క అట్లాగే ఉంటుందంది. సాక్షిగా పిలిస్తే మాత్రం రావాలి, అప్పుడు కేసు నా మీదికి కూడా రావచ్చంది. రానీయమన్నాను. ఆ వారమే మాజీ సర్పంచ్ ఫోను చేశాడు. "గిప్పుడొచ్చిందా తెలివి? ఇగ నీ బల్ల కాడ ఎవడు కూసుంటడో నేను గూడ సూస్త." అన్నంత పనీ చేశాడు.

కోర్టు నుంచి పిలుపు ఇంకా రాలేదు. ఆ కాగితం నకలు నా బల్ల సొరుగులో ఉంది. మధ్యాహ్నాలు, దుకాణం అతను అన్నానికి పోయినప్పుడు, దాన్ని తీసి ఆ ఖాళీ కుర్చీకి చదివి వినిపిస్తాను. మెల్లగా చదవడం ఇంకా అలవాటు కాలేదు.