రెండంగుళాల ఎత్తు

లీడ్స్‌లో మా పక్కింటి క్లిఫ్ ఓల్డ్‌రాయిడ్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగాలని చక్రాల మీది చిన్న ఇల్లులాంటి ఒక పాత కారవాన్ కొని గ్యారేజీలో పెట్టాడు. చెమ్మకు కుళ్లిన గోడలు పీకి కొత్త చెక్క వేశాడు, బ్రేకులు బాగుచేశాడు, కుంగిపోయిన స్ప్రింగులు మార్చాడు. మూడేళ్లు పట్టింది.

“ఆ బూజు పట్టిన డబ్బాలో చచ్చినా కాలు పెట్టను,” అని భార్య ఎనిడ్ మొదటి రోజే తెగేసి చెప్పింది.

బయటికి లాగే రోజున కారవాన్ నెత్తి గ్యారేజీ గుమ్మానికి తగిలింది. కొత్త స్ప్రింగులతో బండి రెండంగుళాలు పైకి లేస్తుందని నలభై ఏళ్ల అనుభవమున్న మెకానిక్కు తోచనే లేదు. టైర్లలో గాలి తీశాం. ఇరుగుపొరుగు నలుగురం బరువుకని లోపల కూర్చున్నాం. అయినా ఇంకా వేలి మందం గుమ్మానికి తగులుతూనే ఉంది.

“ఎనిడ్, నువ్వూ ఒక్కసారి ఎక్కవే,” అన్నాడు క్లిఫ్.

“నలుగురు మగాళ్లు చాలక నేను కావాల్సొచ్చానా?” అంటూనే ఎక్కింది.

క్లిఫ్ కారుతో మెల్లగా లాగాడు. కారవాన్ బయటపడింది. మేమంతా దిగాం. ఎనిడ్ మాత్రం దిగలేదు. స్టవ్ వెలిగించి, టీకి నీళ్లు పెట్టి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

“చూస్తావేంటి? గాలి కొట్టు. చీకటిపడేలోగా విట్బీలో సముద్రం చూడాలి.”